రాగి మాల్ట్ నుంచి పాకం దాకా: తిరుపతి మేడ మీద ప్రాజెక్టు డైరీ

బీరు కాచేవాళ్ళు చేసే పనిలో మొదటి సగాన్ని మన రాగులతో చేయాలన్నది ఈ ప్రాజెక్టు. గింజను మొలకెత్తించి మాల్ట్ చేయాలి. ఆ మాల్ట్‌ను సరైన వేడి దగ్గర నీళ్ళలో పట్టి ఉంచితే పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. దాన్ని వడకడితే వచ్చే తీపి రసమే వోర్ట్. బీరు దారిలో అయితే ఇక్కడ హాప్స్ (చేదు కోసం వేసే ఎండు పూలు) వేసి మరగబెట్టి, చల్లార్చి, ఈస్ట్ కలుపుతారు. మేం ఈస్ట్ దాకా పోవడం లేదు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మన రాష్ట్రంలో మత్తు పానీయం తయారు చేయకూడదు. అందుకే వోర్ట్‌ను పాకంగా కాచి, నన్నారి కలిపి, గోళీ సోడాలో పోసుకునేలా ఆపుతున్నాం. సామాన్లు మాత్రం నూటికి తొంభై పాళ్ళు బీరు కాచేవే.

బార్లీ ఎందుకు కాదంటే: కిరాణా కొట్లో దొరికే బార్లీ పొట్టు తీసి పాలిష్ పట్టినది. మొలక వచ్చే చోటే అరిగిపోయి ఉంటుంది కాబట్టి ఎంత నానబెట్టినా కుళ్ళుతుందే గానీ మొలవదు. పొట్టుతో ఉన్న బార్లీ తెప్పించుకున్నా అది 15 డిగ్రీల చుట్టూ ఉన్న చల్లదనంలో నెమ్మదిగా మొలవాల్సిన గింజ. తిరుపతి ఎండల్లో బూజు ముందు వస్తుంది, మొలక తర్వాత వస్తుంది. రాగికి మన వేడే కావాలి. మొలకెత్తిన రాగిలో చక్కెర చేసే ఎంజైములు మిగతా చిరుధాన్యాల కంటే బాగుంటాయి. జొన్నతో చేయవచ్చా అంటే, మొలకెత్తిన జొన్న మోసుల్లో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. మోసులు, వేళ్ళు పూర్తిగా రాల్చకుండా జొన్న మాల్ట్ వాడకూడదు. మొదటి ప్రయత్నానికి జొన్న జోలికి వెళ్ళకపోవడమే మేలు.

సామాన్ల రోజు

స్టీలు గుండిగలు రెండు: 20 లీటర్లది ఒకటి, అడుగు మందంగా ఉన్న 12 లీటర్లది ఒకటి. జావలో నిమ్మరసం పడుతుంది, పులుపుకు అల్యూమినియం కరుగుతుంది, కాబట్టి అల్యూమినియం పాత్రలు పక్కన పెట్టాం. వేడి నిలపడానికి గుండిగ పట్టే థర్మోకోల్ పెట్టె, పాత కంబళి. ఇది నీళ్ళతో పరీక్షిస్తే 65 డిగ్రీల నుంచి గంటన్నరలో 2 డిగ్రీలు మాత్రమే తగ్గింది. వేలు పోసి ఇన్సులేటెడ్ పాత్ర కొనక్కర్లేదు.

డబ్బు పెట్టాల్సింది థర్మామీటరు మీద. పొడవాటి ప్రోబ్ ఉన్న డిజిటల్ది తీసుకుని మొదట సరిచూడండి. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు 99.5 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మా థర్మామీటరు మంచు నీళ్ళలో 0 చూపించింది, మరిగే నీళ్ళలో 97.8 చూపించింది. అంటే 64 డిగ్రీల దగ్గర దాదాపు 1 డిగ్రీ తక్కువ చూపిస్తుంది. ఆ డిగ్రీని కలిపి రాసిన అంకెలే కింద ఉన్నవన్నీ. ఈ పనిలో 64కూ 71కీ మధ్య తేడా తీపికీ జిగురుకీ మధ్య తేడా. పరీక్షించని థర్మామీటరుతో దిగితే ఎక్కడ తప్పు జరిగిందో ఎప్పటికీ తెలియదు.

తీపి కొలవడానికి 0 నుంచి 32 బ్రిక్స్ దాకా చూపే రిఫ్రాక్టోమీటరు. బ్రిక్స్ అంటే 100 గ్రాముల రసంలో ఎన్ని గ్రాముల చక్కెర ఉందన్న లెక్క. హైడ్రోమీటరు (రసం సాంద్రత చూపేది) ఉన్నా సరిపోతుంది, కానీ అది 20 డిగ్రీల వేడికి గీతలు గీసిన పరికరం. 35 డిగ్రీల రసంలో ముంచితే 0.004 తక్కువ చూపిస్తుంది, దాన్ని కలుపుకోవాలి. పొగలు కక్కే రసంలో ముంచి చదివిన అంకె ఎందుకూ పనికిరాదు. ఇవి కాక మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ (పిండిపదార్థం తగిలితే నీలంగా మారుతుంది), 4 నుంచి 7 దాకా రంగు విడివిడిగా చూపే పీహెచ్ కాగితాలు (పులుపు కొలవడానికి, అంకె తగ్గితే పులుపు ఎక్కువ), గ్రాము దాకా తూచే వంటింటి కాటా, చిల్లుల గిన్నె, ఇడ్లీ గుడ్డలు, సంగటి తెడ్డు.

రైసు మిల్లు నుంచి అర కిలో వరి ఊక కూడా తెచ్చి పెట్టుకోవాలి. బార్లీకి పొట్టు ఉంటుంది, వడకట్టేటప్పుడు ఆ పొట్టే జల్లెడలా పనిచేస్తుంది. రాగికి అది లేదు. ఊక కలపకపోతే జావ గుడ్డకు అతుక్కుని చుక్క కూడా దిగదు.

గింజల ఎంపిక

ప్యాకెట్ రాగులు ఒక రకం, రైతు దగ్గర తెచ్చిన వకుళ రకం ఒకటి తీసుకున్నాం. వకుళ (పీపీఆర్ 2700) మన పక్కనే ఉన్న పెరుమాళ్ళపల్లె వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన రకం. రెండింటి నుంచీ 100 గింజల చొప్పున లెక్కపెట్టి తడి గుడ్డలో చుట్టి 48 గంటలు ఉంచాం. ప్యాకెట్ గింజల్లో 62 మొలిచాయి, వకుళలో 96. మొలవని గింజలో ఎంజైము పుట్టదు సరే, దాని మీదే బూజు మొదలవుతుంది. 90 కంటే తక్కువ వస్తే ఆ గింజలను సంగటికి వాడుకుని వేరే గింజలు వెతకండి. ప్యాకెట్ రాగులు అలాగే వంటింటికి వెళ్ళాయి.

1వ రోజు: నానబెట్టడం

5 కిలోల వకుళ రాగులు. చేటలో చెరిగి, నీళ్ళలో గాలించి రాళ్ళు తీశాం. ఉదయం 6 గంటలకు నానబెట్టి, 4 గంటలు నీళ్ళలో, 1 గంట నీళ్ళు వంపి గాలికి, మళ్ళీ కొత్త నీళ్ళు, ఇలా మూడు విడతలు. గింజ నానేటప్పుడు ఊపిరి పీలుస్తుంది. రాత్రంతా ఒకే నీళ్ళలో మునిగి ఉంటే ఊపిరాడక పుల్లని వాసన వస్తుంది, మొలక సగానికి పడిపోతుంది. ఇంట్లో మొలకల రాగిపిండి చేసేవాళ్ళలో చాలామందికి తేడా వచ్చేది ఇక్కడే.

ఎప్పుడు ఆపాలో కాటా చెబుతుంది. ఎండిన రాగుల్లో 11 శాతం తేమ అనుకుంటే 5 కిలోల్లో పొడి గింజ 4.45 కిలోలు. మొలకకు 35 శాతం తేమ కావాలి. 4.45ను 0.65తో భాగిస్తే 6.85 కిలోలు. రాత్రికి నీళ్ళు కారిపోయాక తూచితే 6.8 వచ్చింది. ఆపేశాం.

2, 3 రోజులు: మొలక

అలవాటు ప్రకారం అంతా గుడ్డలో మూట కట్టి పెట్టడం మొదటి పొరపాటు. కిలో గింజలకు మూట సరిపోతుంది, 7 కిలోలకు సరిపోదు. 20 గంటలకు మూట మధ్యలో ప్రోబ్ గుచ్చితే 41 డిగ్రీలు. మొలిచే గింజ తనంతట తాను వేడి పుట్టిస్తుంది, మూటలో అది బయటికి పోలేదు. వెంటనే విప్పి, తడిపిన గోనె సంచుల మీద 3 సెంటీమీటర్ల మందాన పరిచి, పైన ఇంకో తడి గోనె కప్పాం. గంటలో 31కి దిగింది. గోనె తడి ఆరేకొద్దీ చల్లబరుస్తుంది, కుండలో నీళ్ళు చల్లబడినట్టే. ఆ తర్వాత ఆరు గంటలకొకసారి చేత్తో కలబెట్టి, పైన నీళ్ళు చిలకరించాం. కలబెట్టకపోతే వేళ్ళు అల్లుకుని చాపలా అట్టకడతాయి.

మూట మధ్యలో అప్పటికే ఒకచోట ఆకుపచ్చ మచ్చ కనబడింది. ఆ మచ్చ చుట్టూ ఉన్న 800 గ్రాములు పారేశాం. కడిగి వాడుకోవచ్చు, ఎలాగూ మరిగిస్తాం కదా అనిపిస్తుంది. బూజు చస్తుంది గానీ అది వదిలిన విషం మరిగినా పోదు. అక్కడ పొదుపు చూడకండి.

నీళ్ళు వంపిన 60 గంటలకు మోసు అర సెంటీమీటరు దాటింది. గింజను నొక్కితే లోపల పాలలా కాకుండా తడిపిండిలా చేతికి అంటింది, నమిలితే తియ్యగా ఉంది. ఇక్కడ ఆపాలి. ఇంకా వదిలితే మనకు కావాల్సిన పిండిపదార్థాన్ని మొక్క తన పెరుగుదలకు తినేస్తుంది.

4, 5 రోజులు: ఎండబెట్టడం

మిగిలిన మాల్ట్‌ను రెండు భాగాలు చేసి రెండు రకాలుగా ఎండబెట్టి చూశాం. మార్చి చివర, మధ్యాహ్నం ఒంటి గంటకు మేడ సిమెంటు నేల 58 డిగ్రీలు ఉంది. మొదటి భాగాన్ని తడిగా ఉన్నప్పుడే నేరుగా ఆ నేల మీద పరిచాం. రెండో భాగాన్ని 18 గంటలు నీడలో ఫ్యాను కింద ఆరబెట్టి, గింజ పైకి పొడిగా అయ్యాకే నులక మంచం మీద గుడ్డ పరిచి ఎండలో పోశాం.

చూడ్డానికి రెండూ ఒకటే. తేడా జావ పరీక్షలో బయటపడింది. 20 గ్రాముల మామూలు రాగిపిండిని 200 మిల్లీలీటర్ల నీళ్ళలో ఉడికించి, 62 డిగ్రీలకు చల్లార్చి, అందులో 5 గ్రాముల మాల్ట్ పొడి కలిపి తిప్పుతూ ఉండాలి. నీడలో ఆరిన మాల్ట్ వేసిన జావ 5 నిమిషాల్లో మజ్జిగలా పలచబడింది. ఎండలో తడిగా కాలిన మాల్ట్ వేసినది 25 నిమిషాలైనా గరిటె నుంచి ముద్దగానే జారింది. ఎంజైము తడిలో వేడికి తొందరగా చస్తుంది, పొడిగా ఉన్నప్పుడు అదే వేడిని తట్టుకుంటుంది. అందుకే తేమ తగ్గేదాకా 45 దాటనివ్వకూడదు. ఆ తర్వాత 60 దాకా పోయినా ఫర్వాలేదు.

బయట కొన్న రాగి మాల్ట్ పిండి ఈ పనికి వాడదామనుకునేవాళ్ళు ముందు ఈ జావ పరీక్ష చేయండి. కమ్మని వాసన కోసం బాగా వేయించిన పిండి అయితే తాగడానికి మంచిదే, కానీ అందులో ఎంజైము మిగలదు.

గింజ పంటి కింద టక్కుమని విరిగాక గోనె సంచిలో వేసి రుద్ది, చేటలో చెరిగి వేళ్ళు తీసేశాం. వేళ్ళు ఉంటే పాకం చేదెక్కుతుంది. నీడ మాల్ట్ 1.8 కిలోలు మిగిలింది. ఎండ మాల్ట్‌లో 100 గ్రాములు బాణలిలో కాఫీగింజ రంగు వచ్చేదాకా వేయించి, పాకం రంగు కోసం డబ్బాలో పెట్టాం. మిగతాది జావకు. ఇదే రోజు ఇంకో 5 కిలోలు నానబెట్టడం మొదలుపెట్టాం, ఈసారి మూట లేకుండా, నీడ పద్ధతిలో. అసలు కాపుకి ఆ మాల్ట్.

8వ రోజు: మొదటి ప్రయోగం, 500 గ్రాములు

మాల్ట్‌ను మిక్సీలో ఆపి ఆపి తిప్పి బొంబాయి రవ్వంత బరకగా పట్టాం. మెత్తటి పిండి చేస్తే తీపి కొంచెం ఎక్కువ దిగుతుంది కానీ వడకట్టలేం.

నీళ్ళు: బోరు నీళ్ళను ముందురోజు మరిగించి, రాత్రంతా కదపకుండా ఉంచి, అడుగున తెల్లటి సున్నం పొర వదిలేసి పైన నీళ్ళు వంచుకున్నాం. అయినా జావ పీహెచ్ 6 దగ్గర ఉంది. ఎంజైములకు 5.2 నుంచి 5.6 నచ్చుతుంది. 2 లీటర్లకు ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల నిమ్మరసం వేస్తే 5.4కి వచ్చింది.

బార్లీకి చేసే మామూలు పద్ధతినే రాగికి వాడి చూశాం. 68 డిగ్రీల నీళ్ళు 2 లీటర్లు, రవ్వ కలిపాక 65. కంబళి కప్పి 90 నిమిషాలు. ఫలితం: రసం 6.4 బ్రిక్స్. అడుగు రవ్వ మీద అయోడిన్ చుక్క వేస్తే నల్లటి నీలం. రవ్వను వేళ్ళ మధ్య రుద్దితే ఇసుకలా గరగర. పిండిపదార్థం సగానికి పైగా గింజలోనే ఉండిపోయింది.

కారణం మన సంగటిలోనే ఉంది. పిండిని 65 డిగ్రీల నీళ్ళలో కలిపితే సంగటి అవుతుందా? ఉడకాలి. పిండిపదార్థపు రేణువు నీళ్ళు తాగి ఉబ్బి పగిలితేనే ఎంజైముకు దారి దొరుకుతుంది. బార్లీ పిండి ఎంజైములు బతికి ఉండే వేడిలోనే ఉబ్బుతుంది, రాగి పిండి 70 దాటితే గానీ పూర్తిగా ఉబ్బదు. ఆ వేడికి తీపి చేసే ఎంజైము చచ్చిపోతుంది. ఉడికిస్తే ఎంజైము లేదు, ఉడికించకపోతే పిండి అందదు. ఈ ముడి విప్పడమే రాగి మాల్ట్ పనంతా.

9వ రోజు: తేట పద్ధతి, మొదటిసారి చెడింది

ఎంజైములు నీళ్ళలో కరుగుతాయి, పిండి కరగదు. కాబట్టి ముందు ఎంజైములను నీళ్ళలోకి దించి, తేట వంచి పక్కన పెట్టుకుని, అడుగు పిండిని మాత్రం ఉడికించి, చల్లార్చి, తేట మళ్ళీ కలిపితే సరి. జొన్న, చిరుధాన్యాల మాల్ట్‌తో పనిచేసేవాళ్ళు వాడే పద్ధతే ఇది.

500 గ్రాముల రవ్వ, 45 డిగ్రీల నీళ్ళు 2 లీటర్లు, నిమ్మరసం. అరగంట మధ్యమధ్య కలుపుతూ, తర్వాత అరగంట కదపకుండా. పైన గోధుమ రంగు తేట నిలిచింది. గిన్నె వంచితే అడుగు కదులుతుంది, సన్నటి గొట్టంతో 750 మిల్లీలీటర్లు లాగాం. అడుగు జావను పొయ్యి మీద పెట్టి, 68 దగ్గర 10 నిమిషాలు ఆపాం. రవ్వలో మిగిలిన కాస్త ఎంజైము అక్కడే పనిచేసి జావను పలచబరుస్తుంది. ఈ ఆగడం లేకుండా నేరుగా మరిగిస్తే నిజంగానే సంగటి అయి అడుగంటుతుంది. తర్వాత 20 నిమిషాలు కుతకుత ఉడికించి, ఆవిరైనంత వేడినీళ్ళు గీత దాకా పోసి సరిచేశాం.

తొందరలో 92 డిగ్రీల జావలోకి తేట పోశాం. కలిసిన తర్వాత 71. గంట తర్వాత రసం 11 బ్రిక్స్ చూపించింది, అంకె చూస్తే బాగున్నట్టే. నాలుక మీద మాత్రం తీపి తక్కువ, పెదవులకు జిగురు. అయోడిన్ చుక్క ఎర్రటి గోధుమ రంగు. దీని అర్థం ఇది: రెండు ఎంజైముల్లో పిండి గొలుసును ముక్కలు చేసేది ఆల్ఫా అమైలేజ్, 70 దగ్గర కూడా పనిచేస్తుంది. ఆ ముక్కల చివర్ల నుంచి తియ్యటి మాల్టోజ్ కత్తిరించేది బీటా అమైలేజ్, 60 నుంచి 65 దానికి హాయి, 70లో నిలవదు. మనం బీటాను చంపేసి ఆల్ఫాతో పని చేయించాం. రిఫ్రాక్టోమీటరు తియ్యటి చక్కెరనూ తియ్యగా లేని ముక్కలనూ ఒకటిగానే లెక్కపెడుతుంది. అంకెతో పాటు అయోడిన్, నాలుక రెండూ చెప్పాలి.

ఇదే రోజు సాయంత్రం ఇంకో తేట తీసి, పొద్దున ఉడికిద్దామని వంటింట్లోనే వదిలేశాం. తెల్లారేసరికి పీహెచ్ 4, వాసన పులిసిన అంబలి. గింజ మీద ఉండే బ్యాక్టీరియాకు ఆ వెచ్చని తేట పండగ. తేట తీసిన గంటన్నరలోపు వాడండి, లేదా మంచు నీళ్ళ గిన్నెలో పెట్టండి.

10వ రోజు: కుదిరింది

అవే పాళ్ళు, రెండు మార్పులు. ఉడికిన జావను 82 డిగ్రీలకు చల్లార్చాం. తేటను జావలో పోయలేదు. తేట ఉన్న గిన్నెలోకి జావను గరిటెతో కొంచెం కొంచెంగా కలుపుతూ వచ్చాం. ఈ వరసలో ఎంజైములు కింద వేడి నుంచి పైకి వస్తాయి, ఏ క్షణంలోనూ 65 దాటవు. చివరికి 64. కంబళి కప్పేశాం. 45 నిమిషాలకు అయోడిన్ ఎర్రగా, 90 నిమిషాలకు తన పసుపు రంగులోనే ఉండిపోయింది. తర్వాత 72కి పెంచి 20 నిమిషాలు. రసం 13 బ్రిక్స్. తేనె నీళ్ళలా తీపి, వెనక వేరుశనగ పొట్టు లాంటి చిన్న వగరు. ఆ వగరు రాగి గింజ పై పొరది.

82 ఎలా వచ్చిందంటే: పొడి గింజకు వేడి పట్టే గుణం నీళ్ళలో 0.4 వంతు. అడుగు జావ = 1.25 లీటర్ల నీళ్ళు + 0.5 × 0.4 = 1.45. తేట 0.75, దాని వేడి 32. 64 రావాలంటే జావ 80.6 ఉండాలి. గిన్నె లాక్కునే దానికి ఒకటిన్నర డిగ్రీ కలిపాం. తేటకూ జావకూ ఇదే నిష్పత్తి ఉంచితే ఎంత కాపుకైనా 82 సరిపోతుంది. తేట వేడి మారితే మాత్రం మళ్ళీ లెక్క వేయండి.

16వ రోజు: అసలు కాపు

మాల్ట్ రవ్వ 2 కిలోలు, వేయించిన మాల్ట్ 100 గ్రాములు, నీళ్ళు 8 లీటర్లు, నిమ్మరసం 20 మిల్లీలీటర్లు. తేట 3 లీటర్లు. 12 లీటర్ల గుండిగలో అడుగు జావ ఉడికేటప్పుడు ఒకరు తెడ్డు వదలకుండా తిప్పుతూనే ఉండాలి. మూల ఒక్కచోట మాడితే ఆ కమురు వాసన పాకం దాకా వస్తుంది. మిగతా అంతా 10వ రోజు లాగే. అయోడిన్ పసుపు రావడానికి 100 నిమిషాలు పట్టింది.

వడకట్టడం అనుకున్నదానికంటే పెద్ద పని. 200 గ్రాముల ఊకను మరిగించి, రెండుసార్లు కడిగి, జావలో కలిపి, చిల్లుల గిన్నెలో ఇడ్లీ గుడ్డ పరిచి పోశాం. మొదట దిగిన లీటరు మబ్బుగా ఉంటుంది, దాన్ని తిరిగి పైనే పోయాలి. రెండోసారికి ఊక పొర సర్దుకుని తేరుకున్న రసం దిగుతుంది. సగంలో ధార ఆగిపోయింది. ప్రోబ్ పెడితే జావ 50కి చల్లారి ఉంది. చల్లబడితే జిగురు పెరుగుతుంది. మళ్ళీ 75కి వేడి చేసి పోస్తే కదిలింది. గుడ్డ పిండాలని చేయి లాగుతుంది, పిండకండి. పిండితే ఉడకని పిండి రేణువులు దిగి పాకం బురదలా అవుతుంది. చివర 76 డిగ్రీల నీళ్ళు 3 లీటర్లు మూడు దఫాలుగా పైన చల్లి మిగిలిన తీపి దించుకున్నాం.

మొత్తం 8 లీటర్లు, 12 బ్రిక్స్. అంటే సుమారు కిలో చక్కెరలు, వేసిన గింజ బరువులో సగం. మిగిలిన పిప్పి అదే పూట పశువుల కుడితిలోకి వెళ్ళింది. సాయంత్రం దాకా ఉంచితే పులిసిపోతుంది.

పాకం

ఇక్కడ బెల్లం కాచేవాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. వాళ్ళ పెనం లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. గుండిగలో కాస్తే సగం రాత్రి అవుతుంది. పెళ్ళి వంటల వెడల్పాటి బాణలిలో పోశాం. మరుగు పట్టేముందు, చెరుకు రసానికి వాడినట్టే, నలగ్గొట్టి నీళ్ళలో పిసికిన బెండ కాండాల జిగురు అర గ్లాసు పోశాం. బూడిద రంగు మడ్డి తెట్టుకట్టి పైకి తేలింది, చిల్లుల గరిటెతో రెండుసార్లు తీసేశాక రసం రంగు తేరింది.

బీరు దారిలో ఈ మరుగులోనే హాప్స్ వేస్తారు, గంట మరిగితే గానీ వాటి చేదు దిగదు. ఒక చిన్న ప్యాకెట్ తెప్పించి చూశాం గానీ, దారిలో వేడికి పాడై జున్ను కుళ్ళిన వాసన కొట్టింది. హాప్స్ డీప్ ఫ్రీజర్‌లో ఉండాల్సిన సరుకు. వాడలేదు.

8 లీటర్లు దగ్గర పడటానికి 3 గంటల 20 నిమిషాలు. చివరి అరగంట మంట పూర్తిగా తగ్గించి తెడ్డు వదలకూడదు. సిలిండరు తూచి చూస్తే మొత్తం పనికి 0.8 కిలోల గ్యాసు ఖర్చయింది. 14.2 కిలోల సిలిండరులో అది 18వ వంతు.

చిక్కదనం కొలవడానికి 32 దాకా ఉన్న రిఫ్రాక్టోమీటరే చాలు. 10 గ్రాముల పాకం, 30 గ్రాముల నీళ్ళు బాగా కలిపి, వచ్చిన అంకెను 4తో హెచ్చించాలి. 19.5 వచ్చింది, అంటే 78. అక్కడ దింపాం.

నన్నారిని పాకంతో పాటు మరిగిస్తే వాసన ఇల్లంతా వస్తుంది, సీసాలో ఉండదు. ఆ సువాసన ఆవిరితో లేచిపోయే రకం. 25 గ్రాముల వేళ్ళు కడిగి, దంచి, లోపలి గట్టి పుల్ల తీసేసి, పై బెరడును 80 డిగ్రీల నీళ్ళు 150 మిల్లీలీటర్లలో మూతపెట్టి 2 గంటలు ఉంచాం. వడకడితే 100 మిల్లీలీటర్లు. పాకం 60కి దిగాక కలిపాం. పాకం 78 నుంచి 72కి వచ్చింది, ముందే లెక్కలో ఉంచుకున్నదే. మరిగించి ఆరబెట్టిన సీసాల్లో పోస్తే దాదాపు లీటరు.

ఆ 72 ఊరికే ఎంచుకున్నది కాదు. 10వ రోజు రసాన్ని 62 బ్రిక్స్ దగ్గరే ఆపి గాజు సీసాలో బిగించి ఉంచితే ఐదో రోజుకు నురగ కట్టి మూత ఉబ్బింది. గాలిలోని ఈస్ట్ దానంతట అదే పని మొదలుపెట్టింది. గాజు సీసా పగిలితే కంటికి ప్రమాదం. గుడ్డ కప్పి, మెల్లగా మూత వదులు చేసి, పారబోశాం. 70 దాటిన పాకంలో ఈస్ట్‌కు తాగడానికి నీళ్ళు మిగలవు. 70 దాకా కాచే ఓపిక లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టి వారంలో వాడేయండి.

20వ రోజు: సోడా పాళ్ళు

గ్లాసులో ముందు పాకం, తర్వాత గోళీ సోడా గ్లాసు అంచు మీదుగా. తారుమారు చేస్తే నురగ పొంగి సగం బల్ల మీదికి పోతుంది. మాల్ట్‌లోని మాంసకృత్తుల వల్ల ఈ నురగ మామూలు షర్బత్ నురగ కంటే ఎక్కువసేపు నిలుస్తుంది. 200 మిల్లీలీటర్ల సోడాకు 30 మిల్లీలీటర్లు వేస్తే మొహం మొత్తేంత తీపి, 15 వేస్తే రాగి వగరే మిగులుతుంది. 25 మిల్లీలీటర్ల పాకం, నాలుగు చుక్కల నిమ్మరసం, చిటికెడు ఉప్పు దగ్గర కుదిరింది. చల్లటి సోడాలో పాకం అడుగునే ఉండిపోతోంది కాబట్టి ముందు రెండు చెంచాల నీళ్ళలో పలచన చేయాలి. షుగరు ఉన్నవాళ్ళు రాగి కదా అని తాగకండి. గ్లాసులో 24 గ్రాముల చక్కెరలున్నాయి, మాల్టోజ్ రక్తంలోకి తొందరగా ఎక్కుతుంది.

32వ రోజు

బయట ఉంచిన రెండు సీసాలు: బ్రిక్స్ 72, నురగ లేదు, మూత ఉబ్బలేదు, గడ్డలు కట్టలేదు. ఒక సీసా అడుగున వేలి మందం మడ్డి ఉంది, రెండోదానిలో లేదు. మడ్డి ఉన్నది చివర నింపిన సీసా. అయోడిన్ వేస్తే ఆ మడ్డి నీలంగా మారింది. తర్వాతి కాపుకు తెల్ల రాగులు అర కిలో నానబెట్టాం, వగరు ఎంత తగ్గుతుందో చూడటానికి. 100 గింజల పరీక్షలో 93 మొలిచాయి.